ఫ్రెడ్డీ పుస్తకాలను సాక్ష్యంగా పెట్టుకొని థియరీ రాయడం ఎలా

ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్ అనే భయానక వీడియో ఆటల వరుసలో మొదటిది 2014 ఆగస్టులో వచ్చింది. ఆ ఆటల్లో కథను ఎవరూ వరుసగా చెప్పరు. ఫోన్‌లో వినిపించే మాటలు, గోడల మీద మారిపోయే బొమ్మలు, మధ్యలో మెరిసి మాయమయ్యే పాతకాలపు చిన్న ఆటలు, వీటి నుంచే ఆడేవారు కథను ఏరుకోవాలి. 2015 డిసెంబరులో ది సిల్వర్ ఐస్ నవల వెలువడిన నాటి నుంచి ఈ ఏరుకునే పనికి కొత్త చిక్కు వచ్చింది. పుస్తకంలో ఉన్న సంగతి ఆటలో జరిగినదానికి సాక్ష్యమవుతుందా? అవుతుంది, అయితే అన్ని పుస్తకాలూ ఒకే రకమైన సాక్ష్యం కావు. థియరీ, అంటే ఏరుకున్న ఆధారాలతో కథను వివరించే ఊహ, రాయబోయే వారు ముందుగా తేల్చుకోవలసింది ఈ తేడానే. ఇక్కడి ఉదాహరణల్లో ముఖ్యమైన కథా మలుపులు కొన్ని బయటపడతాయి కనుక, చదవని వారు ముందు పుస్తకాలను పూర్తి చేయడం మంచిది.

మొదట పుస్తకాలను వేరు చేసుకోవాలి. ఆటల సృష్టికర్త స్కాట్ కాథన్, కిరా బ్రీడ్ రిజ్లీతో కలిసి రాసిన నవలలు మూడు: ది సిల్వర్ ఐస్, ది ట్విస్టెడ్ వన్స్ (2017), ది ఫోర్త్ క్లోజెట్ (2018). చిన్న కథల సంపుటాలు రెండు వరుసలుగా వచ్చాయి: పన్నెండు సంపుటాల ఫాజ్‌బేర్ ఫ్రైట్స్, ఎనిమిది సంపుటాల టేల్స్ ఫ్రమ్ ది పిజ్జాప్లెక్స్. వీటికి తోడు, 2017 చివర వచ్చిన సర్వైవల్ లాగ్‌బుక్ ఉంది. అది కథల పుస్తకం కాదు. పాఠకుడు నింపవలసిన ఖాళీలతో, దాచిన అక్షరాలతో ఉన్న పజిళ్ల పుస్తకం.

నవలల విషయంలో కాథన్ చెప్పిన మాట స్పష్టంగానే ఉంది. అవి కూడా కానన్ (అధికారికంగా చెల్లే కథ) అయినప్పటికీ, ఆటలతో ఒకే పజిల్‌లోని ముక్కల్లా అతికేందుకు రాసినవి కావు. కాబట్టి నవలలో జరిగిన సంఘటనను ఎత్తి నేరుగా ఆటల టైమ్‌లైన్‌లో పెట్టకూడదు. అలాగని నవలలను పక్కన పడేయడమూ పొరపాటే. ఈ కథల్లో పిల్లల హంతకుడైన విలియం ఆఫ్టన్ పేరు ముందు ది సిల్వర్ ఐస్‌లో వచ్చింది. ఆ తర్వాత 2016 అక్టోబరులో సిస్టర్ లొకేషన్ ఆట ఆరంభంలోనే మిస్టర్ ఆఫ్టన్ అన్న పిలుపు వినిపించింది. రెమ్నెంట్ (యంత్రాల్లో ఆత్మలను నిలిపే పదార్థం) అన్న భావన ఆటల్లో క్లుప్తంగా తగిలినా, దాని స్వభావం విడమరచి కనిపించేది ది ఫోర్త్ క్లోజెట్‌లో. నా అంచనాలో నవలలు పేర్లకూ, ఆ లోకంలో వస్తువులు పనిచేసే తీరుకూ నమ్మదగినవి. సంఘటనలకూ, బంధుత్వాలకూ కావు. పేర్ల దగ్గర కూడా తొందరపడకూడదు. నవలలోని మైకేల్ బ్రూక్స్ హత్యకు గురైన బాలుడు, ఆటల్లోని మైకేల్ ఆఫ్టన్ హంతకుడి కొడుకు. పేరు కలిసిందని ఈ ఇద్దరినీ ఒకరిగా చేసి కట్టిన థియరీ మొదటి అడుగులోనే కూలిపోతుంది.

ఫ్రైట్స్ కథలు ఇంతకంటే కష్టమైనవి, ఇంతకంటే ఆసక్తికరమైనవి కూడా. వీటిలో కొన్ని ఆటలతో నేరుగా ముడిపడినవనీ, కొన్ని కావనీ కాథన్ చెప్పారు. ఏవి ఏవో తేల్చుకోవడం మన పని అయింది. ఇక్కడ అభిమానులు ప్రధానంగా రెండు దారులు పట్టారు. ఈ కథలు ఆటల లోకంలోనే జరిగాయన్నది ఒకటి. ఇవి ఆటల్లోని సంఘటనలకు సమాంతరంగా, వేరే పాత్రలతో చెప్పిన పోలికలన్నది రెండవది. మీరు ఏ దారిలో నడుస్తున్నారో థియరీ మొదటి పేరాలోనే రాయండి. సగం వరకు ఒక దారిలో నడిచి, ఆధారం దొరకని చోట రెండవ దారికి దాటిపోవడం నేను చదివిన థియరీల్లో తరచుగా కనిపించిన లోపం.

ఈ పద్ధతిని ఒక పాత వివాదం మీద పరీక్షిద్దాం. 2018లో వచ్చిన అల్టిమేట్ కస్టమ్ నైట్ ఆటలో ఆఫ్టన్‌ను విడిచిపెట్టకుండా హింసిస్తున్న ఆత్మ ఎవరిది? ఒక వర్గం కాసిడీ అంటుంది. పిజ్జేరియా సిమ్యులేటర్ (2017) ముగింపుల్లో ఒకదానిలో సమాధులు కనిపిస్తాయి. నాలుగింటి మీద పేర్లు చదవగలం, ఐదవదాని పేరు కనబడదు. కాసిడీ పేరు లాగ్‌బుక్ పజిల్‌ను విప్పితే వస్తుంది. అల్టిమేట్ కస్టమ్ నైట్‌లో అత్యంత కఠినమైన సవాలును గెలిచినప్పుడు చీకట్లో కంపిస్తూ కనిపించేది గోల్డెన్ ఫ్రెడ్డీ అనే బంగారు రంగు ఎలుగుబంటి బొమ్మ. ఈ ఆటల్లో హత్యకు గురైన పిల్లల ఆత్మలు ఇలాంటి బొమ్మల్లో ఉంటాయి. ఐదవ సమాధి గోల్డెన్ ఫ్రెడ్డీలోని బిడ్డదనీ, ఆ బిడ్డ పేరు కాసిడీ అనీ ఈ వర్గం గొలుసు అల్లుతుంది. రెండవ వర్గం ఆండ్రూ అంటుంది. ఫ్రైట్స్‌లోని ఒక కథలో, ఒళ్లంతా కాలి చావవలసిన మనిషి ఆసుపత్రి గదిలో చావకుండా పడి ఉంటాడు. అతడిని చావనివ్వనిది ఆండ్రూ అనే బాలుడి ఆత్మ. ఆటతో ఈ పోలిక ఎంత బలంగా ఉందో చదివిన వారెవరికైనా తెలుస్తుంది.

ఇప్పుడు రెండు వాదాల నుంచీ పుస్తకాలను తీసివేసి చూడండి. మొదటి వాదంలో పేరు పోతుంది, గోల్డెన్ ఫ్రెడ్డీ మిగులుతాడు. రెండవ వాదంలో ఆటల వైపు నుంచి ఆండ్రూ అనే పేరుకు ఆధారమే మిగలదు. అంతమాత్రాన రెండవది తప్పని తేలిపోదు. ఆ కథ ఆటల లోకంలోనిదని ముందుగా నిరూపించవలసిన బరువు దాని మీద అదనంగా పడుతుంది, అంతే. పుస్తకం తీసివేస్తే ఏమి మిగులుతుందన్న ఈ పరీక్షను ప్రతి థియరీకీ పెట్టండి, ఫలితాన్ని దాచకుండా రాయండి.

టేల్స్ విషయంలో ఆటలే కొంత జవాబు చెప్పాయి. టేల్స్‌లోని మిమిక్ అనే యంత్రం 2023లో రూయిన్ అనే ఆట భాగంలోకి వచ్చింది. టేల్స్‌లో దాన్ని తయారుచేసిన ఎడ్విన్ మర్రే 2025లో సీక్రెట్ ఆఫ్ ది మిమిక్ ఆటలో కనిపించాడు. దీనివల్ల ఆ పాత్రలు రెండు చోట్లా ఉన్నాయని మాత్రమే రుజువవుతుంది. ఆ సంపుటాల్లోని ప్రతి కథా ఆటల్లో జరిగిందని చెప్పాలంటే ఒక్కొక్క కథకూ వేరుగా ఆధారం చూపాలి.

రాసేటప్పుడు ప్రతి ఆధారం పక్కన దాని పుట్టుకను చెప్పండి: ఏ ఆట, ఏ సంపుటం, ఏ కథ, అందులో ఏ సన్నివేశం. జ్ఞాపకం మీద ఆధారపడకుండా పుటను మళ్లీ తెరిచి చూడండి. ఇతరుల థియరీల్లో విన్నది పుస్తకంలో చదివినట్టుగా మనసులో స్థిరపడిపోవడం చాలా సులభం. మీ వాదానికి ఎదురు నిలిచే ఆధారాన్ని చివరి పేరాకు నెట్టకుండా, అది తగిలిన చోటే ప్రస్తావించండి. కొత్త ఆట వచ్చి మీ థియరీ వీగిపోతే పాత రాతను చెరిపివేయకండి. ఏ ఆట, ఏ సన్నివేశం దాన్ని మార్చిందో పైన తేదీతో చేర్చి, దాని కిందనే కొత్తది రాయండి.