ఈఆర్‌సీలో తప్పు లేదు, బోర్డు మాత్రం పలకదు: కీక్యాడ్ సింబల్స్‌తో వచ్చే సమస్యలు

ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే విజయనగరంలో మా బల్ల మీద బోర్డులు పేరుకుంటాయి. బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి నుంచి పిల్లలు వస్తారు. శ్రీకాకుళం నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చేవాళ్లూ ఉన్నారు. అందరిదీ ఒకే మాట: "సార్, సర్క్యూట్ కరెక్టే, బోర్డే పనిచేయట్లేదు." నేను ముందు అడిగేదీ ఒకటే: సింబల్‌లో, అంటే స్కీమాటిక్‌లో (సర్క్యూట్ బొమ్మలో) ఆ భాగాన్ని చూపే గుర్తులో, పిన్ నంబర్లు డేటాషీట్‌తో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంతో) సరిచూశారా? చూసి ఉండరు. సోల్డరింగ్ మళ్లీ చేసి ఉంటారు, ఐసీ మార్చి ఉంటారు, ప్రోగ్రాం తిరగరాసి ఉంటారు, టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర మానేసి ఉంటారు. రెండు నిమిషాల పని మాత్రం అలాగే మిగిలిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

సర్క్యూట్లు, బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్ వాడటం తెలిసినవాళ్ల కోసమే ఇది. ఈఆర్‌సీ అంటే స్కీమాటిక్‌లో కనెక్షన్ల తప్పులు వెతికే దాని తనిఖీ. సింబల్ పెట్టడం, వైరు గీయడం, ఫుట్‌ప్రింట్ (బోర్డు మీద భాగం కూర్చునే ప్యాడ్ల అచ్చు) తగిలించడం మీకు వచ్చు అనుకుంటున్నాను. మెనూల సంగతి ఆరో వెర్షన్, ఆ తర్వాత వచ్చిన వాటిది.

వెతికితే సింబల్ దొరకడం లేదు

పూర్తి పేరు కొట్టకండి. చిప్ మీద ముద్రించిన పేరు, లైబ్రరీలో ఉన్న పేరు అక్షరం అక్షరం కలవాలని లేదు. రెండు వరసల కాళ్లుండే డిప్ రకం ఏటీమెగా మైక్రోకంట్రోలర్ చిప్ మీద 328పీ తర్వాత పీయూ అని ఉంటుంది. కొత్త లైబ్రరీల్లో ఆ చివరి యూ లేదు, మీరు యూతో కొడితే రాదు. ఉత్త 328పీ కొట్టండి, వరసగా అన్నీ వస్తాయి. రెగ్యులేటర్‌కి 7805 చాలు, ముందున్న ఎల్ఎం అక్కర్లేదు. అందరూ వాడే నీలం డబ్బా రిలేకి ఎస్ఆర్‌డీ అని కొట్టండి, సాన్యూ పేరుతో కనిపిస్తుంది.

పేరులో ముక్క కొట్టినా రాలేదంటే ప్రిఫరెన్సెస్‌లో మేనేజ్ సింబల్ లైబ్రరీస్ తెరవండి. అక్కడ రెండు ట్యాబులున్నాయి, ఒకటి గ్లోబల్, ఇంకొకటి ఈ ప్రాజెక్టు వరకే. నిన్న కనిపించిన మీ సొంత సింబల్ ఈరోజు కొత్త ప్రాజెక్టులో లేదంటే దాన్ని రెండో ట్యాబులో చేర్చారన్నమాట. గ్లోబల్‌లో చేర్చండి, అయిపోతుంది. ఫ్రెండు వాట్సాప్‌లో పంపిన ప్రాజెక్టయితే స్కీమాటిక్ ఫైలు ఒక్కటి కాదు, ఫోల్డరు మొత్తం జిప్ చేసి పంపమనండి. లైబ్రరీ ఫైలూ, దాన్ని చూపించే పట్టికా అందులోనే ఉంటాయి. ఐదో వెర్షన్ కాలం నాటి పాత లైబ్రరీ అయితే అదే విండోలో మైగ్రేట్ లైబ్రరీస్ బటన్ ఉంది, కొత్త రూపంలోకి మారుస్తుంది.

సొంతంగా గీసిన సింబల్‌కి వైరు అంటుకోవడం లేదు

చూడటానికి అంటుకున్నట్టే ఉంటుంది. పిన్ చివర చిన్న సున్నా ఇంకా కనిపిస్తోందేమో దగ్గరికి జూమ్ చేసి చూడండి. ఉంటే తగల్లేదు. కారణం గ్రిడ్. స్కీమాటిక్ నడిచేది 50 మిల్స్ గ్రిడ్ మీద, అంటే 1.27 మిల్లీమీటర్లు. సింబల్ గీసేటప్పుడు బొమ్మ అందంగా రావాలని గ్రిడ్ చిన్నది చేస్తారు, పిన్‌లు కూడా అదే చిన్న గ్రిడ్ మీద పెట్టేస్తారు. బొమ్మ గీతలు ఎక్కడున్నా పర్లేదు, పిన్‌లు మాత్రం 50 మీదే ఉండాలి. సింబల్ ఎడిటర్‌లో గ్రిడ్ 50కి మార్చి పిన్‌లు సర్దండి. స్కీమాటిక్‌లో వైరును అటూ ఇటూ లాగి అంటించకండి, అది ఇవాళ్టికి అంటుకుంటుంది, రేపు సింబల్ కదిలిస్తే ఊడిపోతుంది.

గ్రిడ్ సరిగానే ఉండి కూడా అంటుకోకపోతే పిన్ తిరగబడి ఉంటుంది. ఆ సున్నా ఉన్న కొస పెట్టె బయటికి చూడాలి, లోపలికి కాదు.

పవర్ పిన్‌కి సరఫరా లేదని ఈఆర్‌సీ అరుస్తోంది

కరెంటు కనెక్టర్ నుంచి వస్తోంది, కనెక్టర్ పిన్ పాసివ్ రకం. అందువల్ల ఇది పవర్ ఇస్తోందని కీక్యాడ్‌కి తెలియదు. ఆ లైను మీద ఒక పవర్ ఫ్లాగ్ (ఇక్కడికి పవర్ వస్తోందని చెప్పే గుర్తు), గ్రౌండ్ మీద ఒకటి పెట్టండి. ఎర్రర్ పోవాలని ఐసీ పవర్ పిన్ రకాన్ని పాసివ్‌గా మార్చేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. రేపు నిజంగా వీసీసీ (ఐసీకి పవర్ ఇచ్చే లైను) కలపడం మరిచిపోయినా అది మీకు చెప్పదు.

అన్నీ సరే, ఎర్రర్లు సున్నా. బోర్డు మాత్రం సగమే పనిచేస్తోంది

నా డబ్బూ రోజులూ తినేసిన సమస్య ఇదే.

సోంపేట దగ్గర ఒక రైతు కొబ్బరి తోటకి మోటారు టైమర్లు ఆరు చేయమన్నారు. మైక్రోకంట్రోలర్, ఒక ట్రాన్సిస్టర్, 12 వోల్టుల రిలే, అంతే. స్కీమాటిక్‌లో పీఎన్2222ఏ సింబల్ పెట్టి గీశాను. కొనడానికి వెళ్తే అది స్టాక్ లేదు, బదులుగా బీసీ547 ఇచ్చారు. 100 మిల్లీయాంప్స్ మోస్తుంది, రిలేకి 30 చాలు, కాబట్టి భాగం మార్చడంలో తప్పేమీ లేదు. నేను స్కీమాటిక్ తెరిచి వాల్యూ దగ్గర పీఎన్2222ఏ తీసేసి బీసీ547 అని టైప్ చేశాను. తప్పు అక్కడ జరిగింది.

వాల్యూ అనేది పేరుచీటీ మాత్రమే. చీటీ మారిస్తే సింబల్ లోపలి పిన్ నంబర్లు మారవు. చదునైన ముఖం మీ వైపు పెట్టుకుని, కాళ్లు కిందికి ఉంచి ఎడమ నుంచి చదివితే పీఎన్2222ఏ ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ547 కలెక్టర్, బేస్, ఎమిటర్. నా సింబల్‌లో ఒకటో పిన్ ఎమిటర్‌గానే ఉండిపోయింది. బోర్డులో ఒకటో ప్యాడ్ గ్రౌండ్‌కి వెళ్లింది, అక్కడ బీసీ547 కలెక్టర్ కూర్చుంది. ఈఆర్‌సీకి ఇందులో ఏ తప్పూ కనిపించదు. మీరు కొన్న ట్రాన్సిస్టర్ కాళ్లు దానికెలా తెలుస్తాయి?

రిలేలు అప్పటికి విశాఖ నుంచి రాలేదు. వచ్చేలోపు పరీక్ష అయిపోతుందని రిలే స్థానంలో ఎల్ఈడీ, 330 ఓమ్ రెసిస్టర్ పెట్టి 5 వోల్టులతో చూశాను. వెలిగింది, ఆరింది. ఆరు బోర్డులూ వెలిగాయి, ఆరాయి. తర్వాత రిలేలు బిగించి నేరుగా తోటకే పట్టుకెళ్లాను. అక్కడ స్విచ్చి వేస్తే కంట్రోలర్ మీద దీపం వెలిగింది, రిలే టక్కుమనలేదు. "ఏటి బాబూ, లైటెలుగుతోంది గానీ మోటారు రాదేటి?" అని ఆయన అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు. రిలే కాయిల్ చూశాను, 400 ఓమ్స్, బాగానే ఉంది. అడాప్టర్ మార్చాను. ప్రోగ్రాంలో ఆలస్యం పెంచాను. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, బోర్డులు సంచిలో వేసుకుని వెనక్కి వచ్చాను.

ఎల్ఈడీ వెలిగి రిలే ఎందుకు పలకలేదో ఒకసారి అర్థమైతే మళ్లీ మరిచిపోరు. ట్రాన్సిస్టర్‌ని తిరగేసి పెట్టినా చచ్చిపోదు, బలహీనంగా పనిచేస్తుంది. సరిగ్గా పెట్టిన బీసీ547 గెయిన్ (బేస్ కరెంటును ఎన్ని రెట్లు చేస్తుందో ఆ లెక్క) రకాన్ని బట్టి 110 నుంచి 800 వరకు ఉంటుంది. కలెక్టర్, ఎమిటర్ తారుమారైతే అది సాధారణంగా పదిలోపుకు పడిపోతుంది. బేస్‌కి నేనిచ్చింది 4 మిల్లీయాంప్స్. తిరగబడిన ట్రాన్సిస్టర్ నుంచి పది, పదిహేను వస్తాయేమో. ఎల్ఈడీకి తొమ్మిది చాలు, వెలిగింది. రిలేకి ముప్పై కావాలి, కదల్లేదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. బీసీ547లో ఎమిటర్, బేస్ మధ్య వెనకవైపు తట్టుకునేది 6 వోల్టులే. తారుమారైనప్పుడు 12 వోల్టులు నేరుగా అక్కడే పడతాయి. ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా ఆ జంక్షన్ దాటి కొంచెం కరెంటు కంట్రోలర్ పిన్‌లోకి కారుతూనే ఉంటుంది. నా పరీక్ష 5 వోల్టుల మీద చేశాను కాబట్టి ఇదేమీ బయటపడలేదు.

సరిచూసుకునే పద్ధతి ఇది. సింబల్‌ని ఎడిటర్‌లో తెరవండి, పిన్ టేబుల్ చూడండి. పక్కన డేటాషీట్ పెట్టుకోండి. ఒకటో నంబరు పేరేంటి, రెండు, మూడు, వేలు పెట్టి గట్టిగా చదవండి. గట్టిగా అని ఊరికే అనడం లేదు, కళ్లు చూడాలనుకున్నదే చూస్తాయి, నోటితో పలికితే తప్పు దొరుకుతుంది. డేటాషీట్ బొమ్మ కింద బాటమ్ వ్యూ అని రాసుందేమో చూడండి. పాత డేటాషీట్లలో టీఓ-92ని (ఒక ముఖం చదునుగా ఉండే ఈ చిన్న మూడు కాళ్ల ప్యాకేజీని) కాళ్ల వైపు నుంచి గీసేవారు, ఆ బొమ్మను పైనుంచి చూసినట్టు చదివితే ఎడమ కుడి అవుతుంది. అనుమానం తీరకపోతే మల్టీమీటర్‌లో గెయిన్ కొలిచే హెచ్ఎఫ్ఈ సాకెట్‌లో భాగాన్ని గుచ్చండి. వందల్లో చూపిస్తే మీరనుకున్న కాళ్లు నిజం. ఐదో ఆరో చూపిస్తే తారుమారు.

పేరు దగ్గరగా ఉంది కదా అని నమ్మకండి. పీఎన్2222ఏ ఎమిటర్‌తో మొదలైతే, పీ2ఎన్2222ఏ కలెక్టర్‌తో మొదలవుతుంది, పేరులో తేడా ఒక్క అంకె. మాస్‌ఫెట్లలో 2ఎన్7000 సోర్స్, గేట్, డ్రెయిన్ అయితే బీఎస్170 డ్రెయిన్, గేట్, సోర్స్. రెగ్యులేటర్లలో పెద్ద 7805కి ఒకటో కాలు ఇన్‌పుట్, టీఓ-92లో వచ్చే చిన్న 78ఎల్05కి ఒకటో కాలు అవుట్‌పుట్. ఈ చివరిది పిల్లల బోర్డుల్లో ఎక్కువగా చూస్తాను, చిన్నదే కదా అని పెద్దదాని సింబలే పెడతారు. డయోడ్ సింబల్ సొంతంగా గీసేవాళ్లకి ఇంకో మాట: కీక్యాడ్ ఫుట్‌ప్రింట్లలో ఒకటో ప్యాడ్ క్యాథోడ్. ఒకటి యానోడ్ అని గీశారంటే ప్రతి డయోడూ వెనక్కి తిరుగుతుంది. నెట్‌లో దింపుకున్న సింబల్‌ని కూడా ఇలాగే చూడాలి, ఎవరో గీసిందే కదా అది కూడా.

సరిచేయడం సులువు. వాల్యూ మార్చకండి, సింబల్ మీద రైట్ క్లిక్ చేసి చేంజ్ సింబల్‌తో అసలు భాగం సింబల్ పెట్టండి. లైబ్రరీలో లేకపోతే దగ్గర్లో ఉన్నదాన్ని మీ సొంత లైబ్రరీలోకి కాపీ చేసి, కొత్త పేరుతో సేవ్ చేసి, పిన్ నంబర్లు దిద్దండి. కీక్యాడ్‌తో వచ్చిన లైబ్రరీలో దిద్దాలని చూడకండి.

ఇప్పటికే బోర్డు చేయించేసి ఉంటే పారేయకండి. మధ్య కాలు ఒకటే అయి, చివరి రెండూ తారుమారైతే భాగాన్ని సగం చుట్టు తిప్పి సోల్డర్ చేస్తే చాలు. సోంపేట బోర్డులు ఆరూ అలాగే బాగుపడ్డాయి, మర్నాడు మళ్లీ వెళ్లి బిగించాను. చదును ముఖం బోర్డు మీద ముద్రించిన సిల్క్‌స్క్రీన్ బొమ్మకి ఎదురుగా ఉంటుంది కాబట్టి పక్కన మార్కర్‌తో గుర్తు పెట్టండి, రిపేరుకి వచ్చినవాళ్లు తప్పనుకుని మళ్లీ తిప్పేస్తారు. 2ఎస్‌సీ1815 లాంటివాటికి ఇది కుదరదు. అందులో మధ్య కాలు కలెక్టర్, కాళ్లు వంచి దాటించాల్సిందే.

లైబ్రరీలో సరిచేశాను, అయినా పాత తప్పే వస్తోంది

స్కీమాటిక్ ప్రతి సింబల్‌నీ తనలో కాపీ చేసుకుని దాచుకుంటుంది. మీరు లైబ్రరీలో దిద్దింది ఆ కాపీకి తెలియదు. టూల్స్‌లో అప్‌డేట్ సింబల్స్ ఫ్రమ్ లైబ్రరీ నడపండి. అది అయ్యాక పీసీబీ (బోర్డు) వైపు వెళ్లి ఎఫ్8 కొట్టండి, స్కీమాటిక్ మార్పులు బోర్డులోకి వస్తాయి. ఈ రెండిట్లో ఒకటి చేసి రెండోది వదిలేసిన బోర్డులు చాలా చూశాను. ఎఫ్8 తర్వాత ట్రాన్సిస్టర్ దగ్గర సన్నని గీతలు కొత్త ప్యాడ్ల వైపు కదిలాయో లేదో కళ్లతో చూడండి. కదలకపోతే మార్పు రాలేదు.

పిన్‌కి నెట్ (కనెక్షన్) పీసీబీలోకి రావడం లేదు

సింబల్‌లో పిన్ నంబరు దగ్గర బీ, సీ, ఈ అని అక్షరాలు రాశారు, ఫుట్‌ప్రింట్ ప్యాడ్లకి 1, 2, 3 ఉన్నాయి. కీక్యాడ్ కలిపేది నంబరుతో, పేరుతో కాదు. అక్షరాలు పిన్ పేరు గడిలోకి, అంకెలు నంబరు గడిలోకి మార్చండి.

ఇక లైబ్రరీ ఫైలు పాడవడం, ఇన్‌స్టలేషన్ చెడిపోవడం, దాచిన పవర్ పిన్‌లు, లైబ్రరీ దారి చూపే వేరియబుల్ పాత వెర్షన్‌ది ఉండిపోవడం లాంటివి. ఇవి ఉంటాయి, అరుదు. పైవన్నీ చూశాక కూడా తేలకపోతే అప్పుడు వీటి జోలికి వెళ్లండి. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేయడంతో మాత్రం మొదలుపెట్టకండి, పిన్ నంబరు తప్పు దానివల్ల పోదు.