వెనక డోరు మీద అక్షరాల రంగు నిలవడం లేదా? సమస్య - పరిష్కారం

చాలా పికప్ బండ్లకు వెనక డోరు మీద కంపెనీ పేరు రేకులోనే ఉబ్బెత్తుగానో, లోపలికి నొక్కినట్టో ఉంటుంది. దానికి వేసిన రంగు చెడిపోతే వెంటనే ఇంకో కోటు వేయకండి. కింద కారణం అలాగే ఉంటే పైన ఎన్ని కోట్లు వేసినా దండగే.

రంగు పెచ్చులుగా ఊడుతోంది

ఒక పెచ్చును గోటితో లేపి, తిరగేసి చూడండి. కారణం అక్కడే దొరుకుతుంది. పెచ్చు అడుగు నున్నగా ఉండి, రేకు మీద కంపెనీ రంగు నిగనిగలాడుతుంటే గరుకు పెట్టకుండానే పూశారన్నమాట. 400 నంబరు వాటర్ పేపరుతో (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) మెరుపు పోయేదాకా రుద్ది, మళ్లీ వేయాలి. అక్షరం మూలల్లోకి వేలు పోదు కాబట్టి పేపరును మడిచి, పుల్ల కొసకు చుట్టి రుద్దండి. ఎక్కువమంది వదిలేసేది ఆ మూలలే, రంగు మొదట లేచేదీ అక్కడే.

పెచ్చుతోపాటు ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కూడా వస్తే, రేకు మీద జిడ్డు ఉండగానే ప్రైమర్ కొట్టారు. ముందు జిడ్డు తుడవాలి, ఆ తర్వాతే రుద్దాలి. వరస మారితే గీతల్లోకి జిడ్డు దిగిపోతుంది.

పెచ్చు అడుగున ఎర్రటి పొడి కనిపిస్తే అది తుప్పు. లోపలికి నొక్కిన అక్షరాల్లో ఎల్, ఇ లాంటి వాటి అడుగు గీతలో వాన నీళ్లు నిలుస్తాయి. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. రేకు గట్టిగా ఉంటే వైరు బ్రష్‌తో మెరిసే రేకు కనిపించేదాకా గీకి, ఎపాక్సీ ప్రైమర్ వేసి రంగు వేయొచ్చు. మొన దిగబడితే రంగుతో పని కాదు, వెల్డింగ్ చేయించాల్సిందే. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయాయేమో కూడా చూడండి.

అంచులు చెదిరాయి

వంపు తిరిగిన అంచు మీద మాస్కింగ్ టేపు సరిగ్గా కూర్చోదు, సందులోంచి రంగు పాకుతుంది. ఉబ్బెత్తు అక్షరాలకైతే టేపే వద్దు. చిన్న ఫోమ్ రోలర్‌కు రంగు కొంచెమే పట్టించి, అట్టముక్క మీద ఒకసారి దొర్లించి, అక్షరాల మీద తేలిగ్గా పోనిస్తే పైభాగానికే అంటుతుంది. నా మాట వింటే ఇంతకంటే శుభ్రమైన పద్ధతి లేదు. లోతు అక్షరాలకు టేపు తప్పదు. అంచును గోటితో నొక్కి, మొదట బాడీ రంగే పల్చగా వేయండి. పాకితే ఆ రంగే పాకి సందు మూస్తుంది. అది ఆరాక అక్షరం రంగు వేసి, పూర్తిగా గట్టిపడకముందే టేపు లాగేయాలి.

రంగు ముడతలు పడింది

పాత ఎనామిల్ మీద ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ రంగుల్లో కలిపే ఘాటైన ద్రవం) కలిపిన రంగు పడింది. ఆరనిచ్చి, ముడతలు పడినంత మేర గీకేసి, ఎనామిలే వేయండి.

తెల్లటి మసక, గరుకుదనం

వానాకాలంలో థిన్నర్ త్వరగా ఎగిరిపోయి రేకు చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద చేరి మసక వస్తుంది. ఎండ బాగా వచ్చాకే వేయండి, నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడండి. మే నెలలో దీనికి రివర్స్: వరంగల్ ఎండకు కాలిన రేకు మీద రంగు సర్దుకోకముందే ఆరిపోయి బ్రష్ గీతలు మిగులుతాయి. పొద్దున్నే, నీడలో చేయాలి. ఇక పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు తిరిగే బండైతే మూలల్లో నూగు దాక్కుంటుంది. కడిగి, తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే డబ్బా మూత తీయండి.