ఇంటి స్థలం కేటాయింపు రద్దైన ప్రభుత్వ ఉద్యోగి ఆర్జీ పెట్టుకునే విధానం

తెలంగాణలో ఇంటి స్థలం కేటాయింపును రద్దు చేస్తూ ఉత్తర్వు అందుకున్న ఉద్యోగి ముందుగా రెండు విషయాలు చూసుకోవాలి: రద్దుకు ముందు షోకాజ్ నోటీసు (ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని అడిగే నోటీసు) అందిందా, తానిచ్చిన సంజాయిషీని ఉత్తర్వులో చర్చించి కారణాలు రాశారా. చాలా కేసుల్లో బలమంతా ఇక్కడే ఉంటుంది.

ఆర్జీ ఏ కలెక్టరేటులో ఇవ్వాలన్నది వరంగల్ ప్రాంతంలో తేలిక ప్రశ్న కాదు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లాగా మారినప్పుడు పరకాల, దామెర, నడికూడ మండలాలు హనుమకొండలో చేరాయి, వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు వరంగల్ జిల్లాకు వెళ్లాయి. కాబట్టి పాత ప్రొసీడింగ్స్‌పై (కేటాయింపు ఉత్తర్వుపై) ఉన్న జిల్లా పేరును బట్టి కాక, స్థలం ఇప్పుడున్న మండలాన్ని బట్టి వెళ్లాలి.

కలెక్టరును ఉద్దేశించి రాసే ఆర్జీలో గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, కేటాయింపు ఉత్తర్వు సంఖ్య, తేదీ రాసి, సొమ్ము కట్టిన చలానా, స్థలం అప్పగించినట్టు సాక్షుల సమక్షంలో రాసిన పంచనామా నకళ్లు జతపరచాలి. సోమవారం ఫిర్యాదులు స్వీకరించే ప్రజావాణిలో ఇచ్చినా, కార్యాలయానికి వచ్చే కాగితాలు తీసుకునే ఇన్వార్డు విభాగంలో ఇచ్చినా, రసీదు లేకుండా వెనుదిరగవద్దు.

అదే రోజు సమాచార హక్కు చట్టం కింద నోట్ ఫైలు (రద్దుపై అధికారులు రాసుకున్న అభిప్రాయాల ఫైలు) నకలు కూడా కోరడం మేలు. రుసుము కలెక్టరేటులో 10 రూపాయలు, మండల కార్యాలయంలో 5 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం రాకపోతే ఆపై 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయవచ్చు. ఆ స్థలాన్ని ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే 1964 నాటి ప్రవర్తనా నియమాల ప్రకారం ఆస్తి వివరాల్లో చూపకపోతే, ముందు ఆ లోపాన్ని సొంత శాఖలో సరిచేసుకోవాలి.

ఆర్జీపై స్పందన లేకపోయినా, తిరస్కరించినా, రాజ్యాంగం 226వ అధికరణ కింద హైదరాబాదులోని తెలంగాణ హైకోర్టులో రిట్ (ప్రభుత్వ చర్యను ప్రశ్నించే పిటిషను) వేయవచ్చు. ప్రభుత్వంపై సివిల్ దావాకు సాధారణంగా సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందస్తు నోటీసు అవసరం, రిట్‌కు అది అక్కరలేదు. అయినా కారణం చూపలేని జాప్యం రిట్‌ను కూడా దెబ్బతీస్తుంది.

వాదనలో ఒక జాగ్రత్త తప్పనిసరి. హైదరాబాదు నగర పరిధిలో ప్రజాప్రతినిధులు, అధికారులు, న్యాయమూర్తులు, పాత్రికేయుల సొసైటీలకు ప్రభుత్వ భూములు కేటాయించిన జీవోలను సుప్రీంకోర్టు 2024 నవంబరు 25న సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టివేసింది. అందువల్ల ఉద్యోగినన్న హోదాను ఆధారం చేసుకోకుండా, తనకు వర్తించిన నిబంధననూ, రద్దులో జరిగిన విధానలోపాన్నీ చూపడమే క్షేమమని నా అభిప్రాయం.

కోర్టు యథాతథ స్థితికి ఆదేశిస్తే అది పిటిషనరుకూ వర్తిస్తుంది. కేసు తేలేదాకా పునాది తీయడం, ప్రహరీ కట్టడం, అమ్మకపు ఒప్పందం రాసుకోవడం వంటివేవీ చేయకూడదు.