చిహ్నాన్ని చదవడం – నాలుగో పాఠం: అభిమానుల అభ్యంతరాలను తూర్పారబట్టడం

గత పాఠంలో పాత చిహ్నాన్నీ కొత్త చిహ్నాన్నీ పక్కపక్కన పెట్టి, రెండింటినీ బొటనవేలి గోరంతకు కుదించి, ఆ తర్వాత రంగులన్నీ తీసేసి నలుపు తెలుపుల్లో చూడటం సాధన చేశాం. ఆ సాధన పూర్తి చేయనివారు ముందు దాన్ని ముగించి రావడం మంచిది. ఈ పాఠంలో బొమ్మను పక్కన పెట్టి, బొమ్మను చూసి జనం అన్న మాటలను చదవబోతున్నాం. బొమ్మలో ఏది మారిందో మన కంటికి ముందుగా తెలియకపోతే, ఆ మార్పు గురించి ఎదుటివారు అంటున్న మాట ఎంత బరువైనదో తూచలేం.

శీర్షికలోని ‘తూర్పారబట్టడం’ అనే మాటను తిట్టిపోయడమనే అర్థంలో తీసుకోవద్దని మనవి. కళ్లంలో చేటతో ధాన్యాన్ని ఎత్తి పోస్తే గాలికి పొల్లు దూరంగా, గింజ దగ్గరగా పడుతుంది. ఒక విశ్వవిద్యాలయం తన క్రీడాజట్ల లోగోను మార్చిన మరునాడు కుప్పలుగా వచ్చిపడే అభ్యంతరాలతో చేయవలసిన పని అదే.

ఉదాహరణలన్నీ అమెరికావి. మన దగ్గర విశ్వవిద్యాలయ జట్టు ఆటకు టికెట్టు కొనుక్కుని వెళ్లేవారు దాదాపు లేరు కనుక, అక్కడి అభిమానుల ఆవేశం మొదట మనకు అతిగా తోస్తుంది. టెనెసీ విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ మైదానమైన నేలాండ్ స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చోగలరు. మిషిగన్ విశ్వవిద్యాలయపు మైదానంలో 1,07,000 మందికి మించి పడతారు. చదువు ముగించి నలభై ఏళ్లు దాటినవారు సైతం అదే గుర్తున్న టోపీ పెట్టుకుని మనవలను వెంటబెట్టుకుని ఆటకు వస్తారు. ఎం.ఎస్. చదవడానికి వెళ్లిన పిల్లలు తెచ్చిపెట్టిన టీషర్టు వేసుకుని గుంటూరులోనో హైదరాబాదులోనో పొద్దున్నే నడకకు వెళ్లే తల్లిదండ్రులకు ఆ గుర్తు పిల్లల చదువుకు ఆనవాలు. అక్కడి కుటుంబాలకు అది ఇంటిపేరు లాంటిది. ఇంటిపేరులోని ఒక అక్షరాన్ని ఎవరో కార్యాలయంలో కూర్చుని దిద్ది, రేపటినుంచి ఇలా రాసుకోండి అంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటే, ఈ పాఠానికి కావలసిన సానుభూతి సరిపడా సమకూరినట్లే.

విశ్వవిద్యాలయం వైపు కారణాలూ ఉంటాయి. దశాబ్దాలు వాడిన గుర్తు శిరస్త్రాణం మీద ఒకలా, బాస్కెట్‌బాల్ కోర్టు నేలమీద ఒకలా, చొక్కా మీది కుట్టుపనిలో ఇంకోలా తయారవుతుంది. సన్నని గీతలు ఫోను తెరమీద కలిసిపోతాయి. దుస్తులు తయారుచేసే నైకీ వంటి సంస్థతో కొత్త ఒప్పందం కుదిరినప్పుడు అన్నిటినీ ఒక్క తీరుకు తేవాలన్న ఆలోచన వస్తుంది. ఇవి నిజమైన కారణాలే అయినా, అభిమాని ఇంట్లోని టోపీకి వీటిలో ఏ ఇబ్బందీ ఉండదు. చర్చ ఎప్పుడూ ఈ ఎడంలోంచే మొదలవుతుంది.

ఇక సాధనలోకి దిగుదాం. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి, వాటికి కంటి మాట, జ్ఞాపకపు మాట, అర్థపు మాట, పద్ధతి మాట అని పేర్లు పెట్టండి. “అక్షరం మరీ లావుగా ఉంది” అన్నది కంటి మాట. “మా నాన్న నన్ను మొదటిసారి ఆటకు తీసుకెళ్లినప్పుడు ఆయన చొక్కా మీద ఉన్న గుర్తు ఇది కాదు” అన్నది జ్ఞాపకపు మాట. “ఈ గీత దేన్ని సూచిస్తుందో గీసినవారికి తెలుసా?” అన్నది అర్థపు మాట. “మమ్మల్ని ఒక్క ముక్కైనా అడిగారా?” అన్నది పద్ధతి మాట. ఈ నాలుగు నమూనాలూ నేను కల్పించినవి. నిజంగా దొరికే మాటలు ఇంత శుభ్రంగా ఉండవు. పద్ధతి మీది కోపం చాలాసార్లు కంటి మాట వేషం వేసుకుని వస్తుంది. నేను ఈ పని మొదలుపెట్టిన రోజుల్లో నూటికి తొంభై మాటలను కంటి గడిలోనే వేసేసి, జనానికి గీత గురించి ఏమీ తెలియదని తేల్చేసుకునేవాణ్ణి. ఆ పొరపాటు మీరు చేయకుండా ఉండటానికి వర్జీనియా ఉదాహరణను కాస్త నిదానంగా చదవాలి.

షార్లెట్స్‌విల్‌లోని వర్జీనియా విశ్వవిద్యాలయ జట్లను కావలియర్స్ అంటారు. పాతకాలపు అశ్వికులు అనుకోవచ్చు. ‘వి’ అక్షరమూ, దాని కింద ఒకదానిమీదొకటి అడ్డంగా వేసిన రెండు కత్తులూ ఉన్న గుర్తు 1994నుంచి వాడుకలో ఉంది. 2020 ఏప్రిల్ 24న ఆ గుర్తుకు మెరుగులు దిద్దిన రూపాన్ని విడుదల చేశారు. అక్షరమూ కత్తులూ అలాగే ఉన్నాయి కానీ, కత్తి పిడులమీద కొత్తగా మెలికల గీతలు చేరాయి. ఆ ప్రాంగణంలో, విశ్వవిద్యాలయ స్థాపకుడూ ఒకనాటి అమెరికా అధ్యక్షుడూ అయిన థామస్ జెఫర్సన్ రూపకల్పన చేసిన, పాములా వంపులు తిరిగే ఇటుక గోడలకు అవి ప్రతీకలు. ఆ వంపుల వల్లనే ఒంటి ఇటుక మందంతో కట్టిన గోడ పడిపోకుండా నిలబడుతుందని వాస్తువిద్యార్థులు మెచ్చుకుంటూ చెప్పుకునే గోడలవి. గీసినవారి వైపునుంచి చూస్తే ఇంతకంటె స్థానికమైన, ఇంతకంటె ముచ్చటైన వివరం దొరకదు.

అయితే ఆ గోడలకు రెండో కథ ఉంది. మొదట కట్టినప్పుడు వాటి ఎత్తు ఎనిమిది అడుగులు. గోడల లోపలి తోటల్లో, పెరళ్లలో పనిచేసింది బానిసలుగా బతికిన నల్లజాతివారు. వారిని బయటివారి కంట పడకుండా దాచే పని ఆ గోడలు చేశాయన్నది చరిత్ర తెలిసినవారి అభ్యంతరం. 1817నుంచి 1865లోపు ఆ విశ్వవిద్యాలయాన్ని కట్టడంలోనూ నడపడంలోనూ శ్రమించిన బానిసలు దాదాపు నాలుగు వేలమంది ఉంటారని అంచనా. వారికోసం ప్రాంగణంలో నిర్మించిన స్మారకం సరిగ్గా ఆ 2020లోనే పూర్తయింది. ఒకవైపు స్మారకం కట్టుకుంటూ, ఇంకొకవైపు వారిని దాచిన గోడనే జట్టు చొక్కాల మీద అలంకారంగా కుట్టించడం ఎలా పొసగుతుందన్న ప్రశ్నకు గీతలూ రంగులూ సమాధానం చెప్పలేవు. జూన్ 15న క్రీడా విభాగపు అధిపతి కార్లా విలియమ్స్, ఆ గోడలకూ బానిసత్వానికీ ఉన్న సంబంధం తనకు ముందు తెలియదని బహిరంగంగా ఒప్పుకుని, పిడులమీది మెలికలను తీసేస్తున్నట్లు ప్రకటించారు. అమెరికాలోని అయిదు అగ్రశ్రేణి క్రీడా సమాఖ్యల్లోని విశ్వవిద్యాలయాల్లో ఆ పదవికి వచ్చిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. విడుదలకూ సవరణకూ మధ్య రెండు నెలలు కూడా గడవలేదు.

ఇందులో మన సాధనకు పనికివచ్చే సంగతి ఒకటుంది. గత పాఠంలో చెప్పినట్లు ఆ గుర్తును గోరంతకు కుదించి చూస్తే పిడులమీది మెలికలు దాదాపు కనబడవు. కంటి పరీక్షలో అవి ఏ ఇబ్బందీ పెట్టకుండా నెగ్గేస్తాయి. అంటే నేను మీకు నేర్పిన పరీక్ష ఇక్కడ పూర్తిగా విఫలమైంది. అభ్యంతరం అర్థపు గడిలోనిది, పైగా అది వేలుపెట్టి చూపగలిగినది: ఫలానా గీత, ఫలానా గోడ, ఫలానా చరిత్ర. అలాంటి మాట ఒక్కరు అన్నా పదివేలమంది అన్నా దాని బరువు ఒక్కటే. కంటి మాటలు ఎన్ని వచ్చినా ఆ బరువుకు సరితూగవు. అభ్యంతరాలను లెక్కపెట్టి, ఎక్కువ వచ్చినదానికి ముందు జవాబు చెప్పే అలవాటు చాలా కార్యాలయాల్లో ఉంది. అది గింజను గాలికి వదిలేసి పొల్లును గాదెలో పోసుకోవడమే.

జ్ఞాపకపు మాటను తూచడం ఇంత సులభం కాదు, ఎందుకంటే దాన్ని బొమ్మలో వేలుపెట్టి చూపలేం. దీనికి టెనెసీని చూడాలి. అక్కడి జట్ల పేరు వాలంటీర్స్, వాడుకలో వాల్స్. మహిళల జట్లు లేడీ వాల్స్ అనే పేరుతో, తమదైన గుర్తుతో, నారింజ రంగుకు తోడుగా లేతనీలం అంచుతో ఆడేవి. 2014 నవంబరులో, నైకీతో కలిసి చేసిన సమీక్ష తర్వాత, వచ్చే ఏడాదినుంచి మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు తప్ప మిగిలిన మహిళా జట్లన్నిటికీ ఆ పేరునూ గుర్తునూ తీసేసి, అందరికీ ఒకే ‘టి’ అక్షరం వాడతామని విశ్వవిద్యాలయం ప్రకటించింది. బాస్కెట్‌బాల్‌ను మినహాయించడానికి కారణం ప్యాట్ సమిట్. ముప్పై ఎనిమిది సీజన్లు శిక్షకురాలిగా ఉండి, 1,098 విజయాలనూ ఎనిమిది జాతీయ టైటిళ్లనూ సాధించిన ఆమె గౌరవార్థం ఆ ఒక్క జట్టుకూ పాత పేరు ఉంచారు.

పైకి చూస్తే ఆ నిర్ణయంలో తర్కం ఉంది. పురుషుల జట్టుకు లేని విశేషణం మహిళల జట్టుకు మాత్రం ఎందుకని అడిగేవారు అప్పుడూ ఉన్నారు, ఆ ప్రశ్న చిన్నదేమీ కాదు. కానీ ఎక్కువగా నొచ్చుకున్నది ఆ పేరుతో ఆడిన క్రీడాకారిణులూ, ఏళ్ల తరబడి వారి ఆటలు చూసినవారూ. టెనెసీలో 2012 దాకా మహిళల క్రీడలకు వేరే విభాగమే ఉండేది. దాన్ని పురుషుల విభాగంలో కలిపేసిన రెండేళ్లకే గుర్తునూ తీసేస్తామన్నారు. అందువల్ల “మా లేతనీలం మాకు కావాలి” అన్న మాట చెవికి రంగు మీది మోజులా వినిపించినా, దాని వెనుక ఉన్నది సొంత ఇల్లు పోయిన తర్వాత గుమ్మం మీది పేరుపలక కూడా పీకేస్తున్నారన్న బాధ అని నా అభిప్రాయం. మాట ఏ గడిలోదో తేల్చుకోవడానికి, అన్నది ఎవరో, అంతకుముందు వారినుంచి ఏమేమి పోయాయో విచారించక తప్పదని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను. ఆ నిరసన ఒక సీజనుతో చల్లారలేదు. కొత్త అధిపతులు వచ్చాక, 2017 సెప్టెంబరులో లేడీ వాల్స్ పేరునూ గుర్తునూ మహిళా జట్లన్నిటికీ తిరిగి ఇచ్చారు.

దీన్నిబట్టి ఒక కొలత చేతికి వస్తుంది. కంటి మాట కాలంతో అరిగిపోతుంది. లావుగా ఉందన్న అక్షరం రెండో ఏటికి అలవాటై, మూడో ఏటికి అదే పాత గుర్తుగా మారిపోతుంది. జ్ఞాపకపు మాట అరగదు. కనుక మీరు సేకరించిన మాటల పక్కన తేదీ రాసుకోండి. ఆరు నెలల తర్వాత కూడా అదే పట్టుదలతో వినబడుతున్నది ఏదో దానికి గీత గీయండి.

పద్ధతి మాటకు మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం చాలు. స్పార్టన్ యోధుడి శిరస్త్రాణం ఆ జట్ల గుర్తు. 2010 ఆరంభంలో దాని సవరించిన రూపాన్ని విశ్వవిద్యాలయం స్వయంగా చూపించకముందే, ట్రేడ్‌మార్కు దరఖాస్తు ద్వారా అభిమానుల కంట పడింది. ఇంటి సంగతి బయటివారి నోట విన్నట్లయింది వారికి. నిరసన పెరగడంతో క్రీడా విభాగపు అధిపతి మార్క్ హోలిస్ పాత శిరస్త్రాణాన్నే ఉంచుతామన్నారు. ఆ ఏప్రిల్‌లో నైకీ రూపొందించిన కొత్త అక్షరాలూ అంకెలూ విడుదలైనప్పుడు గుర్తు మాత్రం మారలేదు. అక్షరాలు మారినా జనం సర్దుకున్నారు. శిరస్త్రాణాన్ని కూడా ముందుగా పిలిచి, కూర్చోబెట్టి చూపించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించదగినదే.

క్రీడలకు నేరుగా చెందకపోయినా, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థ ఉదాహరణను ఒక హెచ్చరికగా చేరుస్తున్నాను. 2012 చివర విడుదలైన వారి కొత్త లోగోను చూసి, పాత అధికార ముద్రను తీసి పారేస్తున్నారని అనేకులు అనుకున్నారు. పట్టాల మీద పాత ముద్రే ఉంటుందని విశ్వవిద్యాలయం చెప్పింది. అయినా ఆన్‌లైన్ వినతిపత్రం మీద సంతకాలు 50,000 దాటాయి; డిసెంబరు మధ్యకల్లా ఆ లోగోను పక్కన పెట్టేశారు. అర్థపు గడిలో పడిన మాట వాస్తవానికి సరిపోకపోవచ్చు కనుక దాన్ని సరిచూడాలి. సరిచూసి తప్పని తేలినంత మాత్రాన ఆ మాట మాయమైపోదని కూడా తెలుసుకోవాలి. ఆలస్యంగా వచ్చిన వివరణ సంజాయిషీలా వినిపిస్తుంది. అప్పటికి ఆ మాట అర్థపు గడినుంచి పద్ధతి గడిలోకి జరిగిపోయి ఉంటుంది. ఇలా గడి మారిన మాటలకు బాణం గుర్తు వేసుకోండి. వచ్చే పాఠంలో అవే మనకు ముడిసరుకు.

ఈ వారం అభ్యాసం నెబ్రాస్కా విశ్వవిద్యాలయానిది. వారి మాస్కట్, అంటే జట్టుకు ఆనవాలుగా ఉండే పాత్ర, హెర్బీ హస్కర్ ఎర్ర టోపీ పెట్టుకున్న రైతు. బొమ్మలో అతని ఎడమచేయి బొటనవేలినీ చూపుడువేలినీ సున్నాలా కలిపి, బాగుంది అన్నట్లు సైగ చేస్తూ ఉండేది. ఇటీవలి కాలంలో శ్వేతజాతి దురహంకారులు ఆ సైగను వాడుకుంటున్నారన్న ప్రచారం రావడంతో, అపార్థానికి తావివ్వకుండా చూపుడువేలు పైకెత్తి ‘మేమే మొదటివాళ్లం’ అనే సైగగా మార్చారు. సంగతి 2022 మొదట్లో వార్తల్లోకి వచ్చింది. ముందు రెండు బొమ్మలనూ కుదించి చూసి, మార్పు మీ కంటికి అందుతుందో లేదో రాయండి. తర్వాత, ఈ మార్పును మెచ్చుకునే అభిమాని ఒకడు, అనవసరమనుకునే అభిమాని ఒకడు, దాన్ని గమనించనే గమనించని అభిమాని ఒకడు ఏమంటారో ఒక్కొక్కరి తరఫున మూడేసి వాక్యాలు మీరే రాసి, ఆ తొమ్మిది వాక్యాలనూ నాలుగు గడుల్లో సర్దండి. ఏ గడిలోనూ ఇమడని వాక్యం మిగిలితే దాన్ని కొట్టేయకుండా కాగితం అడుగున విడిగా ఉంచండి. వర్జీనియాలో మెలికలు ఎవరికీ పట్టకుండా అధికారుల బల్లలు దాటి వచ్చాయి, నెబ్రాస్కాలో సైగను ముందే పట్టుకున్నారు. ఈ రెండిటికీ ఉన్న తేడాను అయిదారు వాక్యాల్లో రాసి దగ్గర పెట్టుకుంటే, విడుదల ప్రకటన రాయడం నేర్చుకునే అయిదో పాఠాన్ని అక్కడినుంచే అందుకుంటాం.