డార్ట్‌మూర్‌లో గుడారం వేసే ముందు

ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ కొండల్లో ఒంటరిగా నడిచి, రాత్రికి అక్కడే గుడారం వేసుకోవాలనుకునేవారికి ఒక మాట. దూరం నుంచి నిగనిగలాడే లేతపచ్చ చోటు కనబడితే మురిసిపోయి అటు వెళ్లకండి. అది స్పాగ్నం నాచు, కింద అంతా నీళ్లూ బురదే. అనుమానం ఉంటే ముందు చేతికర్ర గుచ్చి చూడండి. సులువుగా దిగబడితే చుట్టు తిరిగి వెళ్లడమే. గుడారానికి గొర్రెలు కురచగా మేసిన గట్టి గడ్డినేల మేలు, కాకపోతే కాళ్లకు పిడుదులు పట్టాయేమో చూసుకోవాలి.

ఉత్తర భాగంలో సైన్యం కాల్పుల సాధన చేసే ప్రాంతాలున్నాయి. పగలు ఎర్రజెండా, రాత్రి ఎర్రదీపం కనబడితే లోపలికి అడుగు పెట్టకూడదు. కాల్పుల వేళలు ముందే ప్రకటిస్తారు, బయలుదేరే ముందే చూసుకోండి. 2025 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇక్కడ గుడారం వేసుకునే హక్కును నిలబెట్టింది గానీ, అది అన్ని చోట్లకూ వర్తించదు. అనుమతి ఉన్న ప్రాంతాల పటం నేషనల్ పార్కు వెబ్‌సైటులో దొరుకుతుంది.