పాత హాస్య పోస్టుకార్డును చదవడం ఎలా?

పాత హాస్య పోస్టుకార్డు చేతికి వస్తే చాలామంది బొమ్మ చూసి నవ్వుకుంటారు, నవ్వు రాకపోతే పక్కన పెట్టేస్తారు. అయితే ముందువైపు ఉన్నది వేలమందికి అమ్మడానికి అచ్చువేసిన నవ్వు, వెనుకవైపు ఉన్నది ఒక మనిషి మరొక మనిషికి రాసుకున్న మాట. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడే ఆ కాలపు ఇల్లూ వీధీ కనబడతాయి. ఇందుకు పొడిగా, శుభ్రంగా ఉన్న చేతులు, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం, ఒక దీపం, నోటుపుస్తకం, పెన్సిలు ఉంటే సరిపోతుంది.

1. ముందుగా కార్డును తిప్పి కాలాన్ని నిర్ణయించండి

ప్రపంచంలో మొదటి అధికారిక పోస్టుకార్డు 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో వెలువడింది, దాని మీద బొమ్మ లేదు. బొమ్మల కార్డులు వచ్చాక కూడా చాలాకాలం వెనుకవైపంతా చిరునామాకే కేటాయించారు కనుక, రాయదలచుకున్న నాలుగు మాటలను బొమ్మ చుట్టూ మిగిలిన ఖాళీలోనే ఇరికించవలసి వచ్చేది. బ్రిటన్ 1902లోనూ, అమెరికా 1907 మార్చి 1 నుంచీ వెనుకవైపును నిలువుగా రెండు చేసి, ఎడమ సగాన్ని ఉత్తరానికి ఇచ్చాయి. దానితో ముందువైపు మొత్తం చిత్రకారుడి సొంతమైంది. అందువల్ల మధ్యగీత ఉన్న బ్రిటిష్ కార్డు 1902కు ముందుది కాదని ధైర్యంగా చెప్పవచ్చు.

తపాలా ముద్ర చెరిగిపోతే తపాలా బిళ్ల విలువ చూడండి: బ్రిటన్‌లో పోస్టుకార్డుకు 1870 నుంచి ఉన్న అరపెన్నీ రేటు 1918 జూన్‌లో పెన్నీ అయింది. ముద్రలోని తేదీ కార్డు పంపిన రోజును చెబుతుందే గాని అచ్చయిన రోజును చెప్పదు. కొన్ని కార్డులు ఏళ్ల తరబడి దుకాణంలో ఉండి ఆ తర్వాతే అమ్ముడుపోయాయి.

2. భూతద్దంతో ఉపరితలాన్ని పరీక్షించండి

చిన్నచిన్న చుక్కలు కనబడితే అది యంత్రం మీద అచ్చయిన కార్డు. చుక్కలు లేకుండా నలుపు నుంచి తెలుపు దాకా ఛాయలు ఎక్కడా తెగకుండా సాగితే, అది పోస్టుకార్డు కాగితం మీద నేరుగా కడిగిన ఫొటో కావచ్చు. 1903లో వచ్చిన కొడాక్ 3ఎ కెమెరా పోస్టుకార్డు పరిమాణంలోనే నెగటివ్ ఇచ్చేది కాబట్టి, మామూలు కుటుంబాలు కూడా తమ వాకిలినీ పెంపుడు కుక్కనూ కార్డుగా మార్చి పంపుకోగలిగాయి.

3. ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారో అడగండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వవలసిన పని ఇదే. హాస్యచిత్రకారుడు మనుషులను పెంచి గీస్తాడు గాని వారి చుట్టూ ఉన్న సామానును సాధారణంగా ఉన్నది ఉన్నట్లే గీస్తాడు, ఎందుకంటే చూసేవారికి అది తమ ఇల్లులా అనిపించకపోతే నవ్వు పుట్టదు. స్త్రీల ఓటుహక్కు మీద న్యూయార్కులోని డన్‌స్టన్-వైలర్ సంస్థ 1909లో వెలువరించిన పన్నెండు కార్డుల వరుసనే తీసుకోండి. అందులో భార్య బయటి వ్యవహారాలకు వెళితే భర్త పసిబిడ్డలను సముదాయిస్తూ మిగిలిపోతాడు. ఎగతాళి చేయడానికి గీసిన ఆ బొమ్మలు, ఇంటి చాకిరీ మొత్తం ఎవరి నెత్తిన ఉండేదో తమకు తెలియకుండానే సాక్ష్యం చెబుతున్నాయి.

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో విలియం మార్టిన్ అనే ఫొటోగ్రాఫర్ దాదాపు 1908 నుంచి ఫొటోలను కత్తిరించి అతికించి, బండికి ఒక్కటే పట్టేంత మొక్కజొన్న కంకులను సృష్టించాడు. పంట మీదే బతుకు ఆధారపడిన రైతుల ఆశ ఎంత పెద్దదో ఆ కంకి పరిమాణమే చెబుతుందని నేను నమ్ముతాను. ఇంగ్లండులో డొనాల్డ్ మెక్‌గిల్ గీసిన సముద్రతీరపు కార్డులు మరో సంగతి బోధిస్తాయి: దుకాణాల ముందు బాహాటంగా అమ్ముడైన ఆ ద్వంద్వార్థపు జోకులకే 1954లో లింకన్ నగర న్యాయస్థానం ఆయనకు 50 పౌండ్ల జరిమానా విధించింది. ఏది నవ్వదగినది, ఏది కాదు అన్న గీత ఒకే సమాజంలో కూడా కదులుతూ ఉంటుంది. జాతినో రంగునో కించపరిచే కార్డులు కూడా ఎదురవుతాయి. వాటిని దాచకుండా, ఆ నవ్వు ఎవరిని నొప్పించిందో పక్కన రాసిపెట్టండి.

4. ఇప్పుడు ఉత్తరం చదవండి

పెన్సిలు రాత మసకబారితే దీపాన్ని ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టండి. తడి చేయడం, రబ్బరుతో రుద్దడం ఎంతమాత్రం తగదు. చాలాసార్లు రాతకూ జోకుకూ సంబంధమే ఉండదు: ఏ రైలుకు వస్తున్నారో, ఎవరికి జ్వరం తగ్గిందో అంతే ఉంటుంది. ఎక్కడైనా బొమ్మలోని మనిషి పక్కన బాణం గీసి ఇంట్లోవారి పేరు రాసి ఉంటే, అచ్చు జోకు ఆ ఇంటి సొంత జోకుగా మారిన క్షణం మీ ఎదుట ఉందన్నమాట. అలాంటి కార్డు దొరకడం నిజంగా అదృష్టం. కార్డును దారిలో ఎవరైనా చదవగలరు కనుక కొందరు అద్దంలో చూస్తే తప్ప అర్థంకాని తిరగేసిన అక్షరాలతో, సంక్షిప్త లిపితో రాసేవారు, తపాలా బిళ్లను వంకరగా అంటించి మనసులోని మాటను సూచించేవారు.

5. నమోదు చేసి భద్రపరచండి

రెండువైపులా స్కాన్ చేసి, రాతను తప్పులతో సహా ఉన్నదున్నట్లు ఎక్కించండి. కళ్లకు కనబడినదాన్ని ఒక వరుసలో, మీరు ఊహించినదాన్ని మరో వరుసలో రాస్తే, తర్వాత చదివేవారు మీ ఊహను సరిచూసుకోగలుగుతారు. బిళ్ల కోసం మూల చింపకండి. కార్డును పీవీసీ కవరులో కాకుండా పాలియెస్టర్ కవరులో ఉంచి, ఎండా తేమా తగలని చోట నిలబెట్టండి.