రూటర్ బెడ్ మీద జాబ్ కదులుతోందా? పంపు మార్చే ముందు చూడాల్సినవి

సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ నడిపే కటింగ్ మిషన్) బెడ్ మీద షీటును పట్టి ఉంచేది వాక్యూమ్, అంటే కింది నుంచి గాలి లాగే పంపు. తలుపుల డిజైన్లు, జాలీలు కొట్టే షాపులో 8×4 అడుగుల బెడ్ మీద షీటు కదిలిందంటే మొదట వచ్చే మాట "పంపు చాలట్లేదు, పెద్దది వేద్దాం" అనే. చాలాసార్లు తప్పు పంపుది కాదు. ఎక్కడో గాలి దూరుతూ ఉంటుంది, లేదా ముక్క కింద చోటు చాలక జారుతుంది. లీకుల మీద పెద్ద పంపు వేస్తే కరెంటు బిల్లు పెరిగినంతగా పట్టు పెరగదు.

ముందు పాలిథిన్ పరీక్ష

దుమ్ము ఊడ్చి, అన్ని జోన్లూ (బెడ్‌లో వాల్వులతో విడివిడిగా మూసి తెరిచే భాగాలు) తెరిచి, బెడ్ పైభాగమంతా చిల్లుల్లేని మందపాటి పాలిథిన్‌తో కప్పి పంపు వెయ్యండి. వాక్యూమ్ గేజ్ రీడింగ్ రాసుకోండి. తర్వాత పాలిథిన్‌ను అంచుల మీదకు కూడా దించి చూడండి. చివరగా పంపు దగ్గరి మెయిన్ వాల్వు మూసి, పంపు వైపు గేజ్ చూడండి. ఈ మూడోది కొన్ని సెకన్లే చెయ్యాలి, బ్లోయరైతే (ఫ్యాన్‌లా ఎక్కువ గాలి లాగే పంపు) అలా ఉంచితే వేడెక్కిపోతుంది.

వాల్వు మూసినా గేజ్ ఎక్కకపోతే తప్పు పంపులోనే ఉంది. వాల్వు మూస్తే ఎక్కి, బెడ్ మొత్తం కప్పినా ఎక్కకపోతే పైపులు, జోన్ వాల్వులు, బెడ్ కింది అతుకులు చూడాలి. అంచులు కప్పగానే ఎక్కితే బెడ్ మీద పరిచిన ఎండీఎఫ్ (చెక్క పీచు బోర్డు, పంపు దీని గుండానే గాలి లాగుతుంది) అంచుల నుంచే గాలి వస్తోంది.

గేజ్ మొదటి నుంచీ ఎక్కదు

బెడ్ మీది 18 మి.మీ. ఎండీఎఫ్‌కు నాలుగు అంచులూ మూసి ఉండాలి. ఫెవికాల్ రెండు కోటింగులు, మధ్యలో బాగా ఆరనివ్వాలి. పైన, కింద గట్టి పొర ఉంటుంది కాబట్టి రెండు వైపులా అర మి.మీ. చొప్పున ఫేసింగ్ కొట్టకపోతే (పై పొర చెక్కెయ్యకపోతే) గాలి ఆ పొర దాటి రాదు. అప్పుడు గేజ్ బాగున్నా షీటు పట్టదు. లామినేట్ చేసిన బోర్డు ఈ పనికి అస్సలు వద్దు. వానాకాలంలో, ముఖ్యంగా తీరం వైపు, ఎండీఎఫ్ తేమ పీల్చి ఉబ్బుతుంది. షీటు అక్కడక్కడే ఆనుతుంటే మళ్లీ పలచగా ఫేసింగ్ కొట్టండి.

పైపు లీకు పట్టడానికి సబ్బు నీళ్లు పనికిరావు, గాలి లోపలికి పోతుంది కదా. పలచటి క్యారీ బ్యాగు ముక్కను అతుకుల వెంట తిప్పితే లీకున్న చోట అతుక్కుంటుంది.

సగం కటింగ్ అయ్యాక పడిపోతుంది

6 మి.మీ. బిట్‌తో 10 మీటర్ల పొడవు కటింగ్ పడితే 600 చదరపు సెం.మీ. బెడ్ గాలికి తెరుచుకున్నట్టే. పని లేని జోన్లు మూసెయ్యండి, చిన్న షీటు వేసినప్పుడు మిగతా బెడ్‌ను పాత లామినేట్ ముక్కలతో కప్పండి. మొదటి పాస్‌లో అడుగున 0.4 మి.మీ. పొర వదిలి, చివరి పాస్‌లో కొయ్యడం అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. షీటు అప్పటిదాకా ఒకే ముక్కగా ఉంటుంది.

గేజ్ బాగానే ఉంది, చిన్న ముక్కలు ఎగురుతున్నాయి

ఇది లెక్క విషయం. గేజ్ 500 మి.మీ. పాదరసం చూపిస్తే చదరపు సెం.మీ.కు సుమారు 0.68 కిలోల ఒత్తిడి. 10×10 సెం.మీ. ముక్క మీద 68 కిలోలు పడతాయి, రాపిడి మూడో వంతు అనుకుంటే పక్కకు 20 కిలోలకు పైగా ఆపగలదు. అదే 4×4 ముక్కకు 11 కిలోలు, పక్కకు 4 కిలోలు కూడా రావు. అంత చిన్న దానికి ఏ పంపూ చాలదు. ముక్క చుట్టూ నాలుగు ట్యాబులు (షీటుకు అంటి ఉండేలా కొయ్యకుండా వదిలే చిన్న చోట్లు) వదలండి, చిన్నవి ముందు, పెద్దవి తర్వాత కొయ్యండి. అప్‌కట్ బిట్ ముక్కను పైకి లాగుతుంది కాబట్టి డౌన్‌కట్ (కిందికి నొక్కేది) గానీ కంప్రెషన్ బిట్ (పై భాగం కిందికి, కింది భాగం పైకి కోసేది) గానీ వాడండి.

వంకర పోయిన ప్లై, మెలితిరిగిన పనస చెక్క చుట్టూ గాలి దూరుతూనే ఉంటుంది. బొబ్బిలి వీణకు వాడేలాంటి పనస దుంగను వాక్యూమ్‌తో పట్టాలని చూడొద్దు. క్లాంపులు, బోల్టులే దారి.

మధ్యాహ్నానికి పట్టు తగ్గుతుంది

వాటర్ రింగ్ పంపులో (లోపల తిరిగే నీటి వలయంతో గాలి లాగేది) నీళ్లు వేడెక్కితే ఇలా అవుతుంది. నీటి ఆవిరి పీడనం 30 డిగ్రీల దగ్గర 32 మి.మీ., 50 దగ్గర 92 మి.మీ. ఆ మేరకు వాక్యూమ్ పోతుంది, లాగే గాలి కూడా తగ్గుతుంది. 7.5 హెచ్‌పీ పంపు పూర్తి లోడు మీద 200 లీటర్ల డ్రమ్మును, చల్లారేది వదిలేస్తే, గంటకు 24 డిగ్రీల దాకా వేడెక్కించగలదు. 1000 లీటర్ల ట్యాంకయితే 5 డిగ్రీలే. ట్యాంకును నీడన పెట్టి, పంపుకు వెళ్లే పైపు, తిరిగొచ్చే పైపు ఎదురెదురు చివరల్లో ఉంచండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే పంపులో పొర కడుతుంది, మంచినీళ్లు పొయ్యండి. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా తిప్పొద్దు, సీల్ పోతుంది.

కరెంటు పోయినప్పుడు ఈ పంపు నీళ్లు వెనక్కి బెడ్‌లోకి వచ్చి ఎండీఎఫ్‌ను పాడుచేస్తాయి. సక్షన్ లైనులో నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి.

కరెంటు లైను పని జరిగాక అసలు లాగట్లేదు

ఫేజులు తారుమారై మోటారు రివర్స్ తిరుగుతోంది. మెయిన్ ఆపి, మూడింటిలో ఏ రెండు వైర్లు మార్చినా సరిపోతుంది. డ్రై వేన్ పంపులో (కార్బన్ రెక్కలతో గాలి లాగేది) రివర్స్ తిరిగితే కార్బన్ వేన్లు విరగొచ్చు, అందుకే ఫేజులు తారుమారైతే మోటారును తిరగనివ్వని ఫేజ్ సీక్వెన్స్ రిలే పెట్టించండి.

ఇన్ని చూశాక కూడా కొత్త పంపే కావాలంటే

పూర్తి షీట్ల మీద ఎండీఎఫ్, ప్లై జాలీ పని ఎక్కువైతే బ్లోయర్. వాక్యూమ్ 200 మి.మీ. మాత్రమే ఇచ్చినా గాలి చాలా లాగుతుంది, లీకులను తట్టుకుంటుంది. మొత్తం 8×4 మీద అది 8 టన్నుల ఒత్తిడి. చిన్న ముక్కలు, రబ్బరు తాడు గాస్కెట్ వేసిన బెడ్ అయితే వేన్ పంపు గానీ వాటర్ రింగ్ గానీ తీసుకోండి. ఏది కొన్నా పంపుకు ముందు ఫిల్టరు, రెండంగుళాలకు తగ్గని పైపు, వీలైనన్ని తక్కువ ఎల్బోలు ఉండాలి. వాక్యూమ్ 300 మి.మీ. కన్నా కిందికి పడితే మిషన్ ఆపేసే స్విచ్ కూడా పెట్టించండి, బ్లోయరైతే దాన్ని 120కి సెట్ చెయ్యాలి.